ఒకే మూర్ఛకు రెండు ప్రతులు

"ఆగింది సార్, ముప్పై రెండు," అంది సిస్టర్, స్టాప్‌వాచ్ నొక్కేస్తూ. ఆమె చూపంతా పేషెంటు కుడి పాదం మీదే ఉంది. చీలమండకు కాస్త పైన బీపీ కఫ్ బిగించి ఉంది. దాని కింద పాదం అంతసేపూ టకటకా కొట్టుకుని, నెమ్మదించి, ఆఖరికి బొటనవేలు రెండుసార్లు ముడుచుకుని ఊరుకుంది.

నేను పాదాన్ని చూడటం లేదు. యంత్రం నోట్లోంచి జారుతున్న కాగితాన్ని చూస్తున్నాను. దాని మీద గీత ఇంకా ఎక్కుతూ దిగుతూనే ఉంది. "కాగితం ఆగలేదు సిస్టర్," అన్నాను. ఆమె గోడ గడియారం వైపు తిరిగింది. నలభై తొమ్మిదో సెకనుకి గీత పడుకుంది.

మనిషి ఒక్కడే, కరెంటు ఒక్కటే, మూర్ఛ ఒక్కటే. కేస్ షీట్‌లో మాత్రం రెండు అంకెలు పడ్డాయి: కాలు 32, ఈఈజీ (కాగితం మీద పడే మెదడు విద్యుత్తు గీత) 49. పీజీ చదివే రోజుల్లో నన్ను చాలాకాలం సతాయించిన ప్రశ్న ఇది. ఇందులో ఏది సరైన పాఠం?

పాఠం అన్న మాట ఊరికే వాడలేదు. ఒకే కావ్యానికి నాలుగు ఊళ్లలో నాలుగు తాళపత్ర ప్రతులు దొరికితే, పండితుల్ని కూర్చోబెట్టి వాటిని పక్కపక్కన పెట్టించి పోల్పించిన సి.పి. బ్రౌన్ పని మనకు తెలుసు. ఒక ప్రతిలో పద్యం ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఒకచోట లేఖకుడు తప్పు రాస్తాడు, మరోచోట తన సొంత పద్యం ఇరికిస్తాడు. ఈసీటీ గదిలో పాదమూ కాగితమూ అలాంటి రెండు ప్రతులే. మూలం పుర్రె లోపల ఉంది, దాన్ని నేరుగా చదివినవాడు లేడు.

ఈసీటీ అంటే మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం', 'షాక్ ఇవ్వడం'. మానసిక వైద్యశాల ఉన్నందుకు ఎర్రగడ్డ అన్న పేట పేరే తిట్టుగా మారిన చోట ఈ వైద్యానికి మంచి పేరు రావడం కష్టం. కానీ ఆ పేర్లలోనే ఒక పొరపాటు ఉంది. కరెంటు ఇక్కడ మందు కాదు, అగ్గిపుల్ల. మందు మూర్ఛ. తీవ్రమైన కుంగుబాటుతో తిండి మానేసినవాళ్లకీ, చావాలన్న ఆలోచన వదలనివాళ్లకీ, కాటటోనియాతో కొయ్యబారిపోయినవాళ్లకీ మత్తు ఇచ్చి, తలలోకి కొన్ని సెకన్లపాటు కొలత ప్రకారం కరెంటు పంపి, మెదడులో మూర్ఛ పుట్టిస్తారు. ఒక నిమిషం అటూ ఇటూగా అది తనంతట తానే ఆగుతుంది. వారానికి రెండో మూడో సిట్టింగులు, మొత్తం ఆరు నుంచి పన్నెండు దాకా.

మందు మూర్ఛేనని గట్టిగా చూపించినవాడు స్వీడన్‌కు చెందిన ఒట్టోసన్. 1960లో అచ్చయిన ఆయన పరిశోధనలో కొందరికి లిడోకెయిన్ ఎక్కించి, కరెంటు ఇచ్చినా మూర్ఛ పొట్టిగా తెగిపోయేలా చేశారు. వాళ్లకు మిగతావాళ్లంత గుణం కనబడలేదు. కరెంటు తగలగానే సరిపోదు, మూర్ఛ సరిగ్గా రావాలని అప్పటినుంచి వైద్యులు పట్టుబట్టడం మొదలైంది. మూర్ఛ సరిగ్గా వచ్చిందో లేదో చెప్పేవాళ్లు ఎవరు మరి?

1938 ఏప్రిల్‌లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ అనే వైద్యులు మొట్టమొదటిసారి కరెంటుతో ఈ వైద్యం చేసినప్పుడు ఆ చిక్కే లేదు. రైల్వే స్టేషన్లో పోలీసులకు దొరికిన, అర్థంకాని మాటలు మాట్లాడుతున్న ఒక మనిషి వాళ్ల పేషెంటు. మత్తు లేదు, కండరాలు సడలించే మందూ లేదు. మొదటిసారి ఇచ్చిన కరెంటు చాలలేదని చూస్తున్నవాళ్లందరికీ తెలిసిపోయింది, ఎందుకంటే మూర్ఛ రాలేదు. పెంచి ఇచ్చాక వచ్చింది. అదీ అందరికీ తెలిసింది. అంతకు నాలుగేళ్ల ముందు బుడాపెస్ట్‌లో మెడూనా అనే వైద్యుడు కర్పూరం సూదితో మూర్ఛ తెప్పించినప్పుడూ అంతే. ఒళ్లంతా సాక్ష్యం చెబుతుంటే వేరే సాక్షి దేనికి?

ఆ సాక్ష్యానికి ఖరీదు మాత్రం ఎక్కువే. కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటే వెన్నుపూసలు చితికేవి, దవడలు తప్పేవి, నాలుకలు తెగేవి. 1940లో బెన్నెట్ అనే వైద్యుడు క్యురారే ఇచ్చి కండరాలను సడలించాడు. 1950ల మొదట్లో సక్సినైల్‌కోలిన్ వచ్చింది, మన థియేటర్లలో అందరూ 'స్కోలిన్' అనేది దాన్నే. అది ఎక్కాక కనురెప్పల దగ్గర ఒక సన్నటి వణుకు మొదలై, భుజాల మీదుగా కాలివేళ్ల దాకా చీమలబారులా పాకుతుంది. ఆ వణుకు సద్దుమణిగాక మనిషి వడిలిన తోటకూర కాడ. ఇక మెదడులో తుఫాను లేచినా ఒంటి మీద ఆకు కదలదు.

ఎముకలు బతికిపోయాయి. ఒంటి నోరు మాత్రం మూతపడింది. సినిమాలు ఈ మార్పును ఇప్పటికీ పట్టించుకోలేదు. 1975 నాటి 'వన్ ఫ్లూ ఓవర్ ద కకూస్ నెస్ట్' నుంచి మన తెలుగు సినిమాల్లో హీరోని కుర్చీకి కట్టేసే సన్నివేశాల దాకా కెమెరా చదివేది ఒంటినే: బిగిసిన పళ్లు, ఎగిరే మొండెం. స్కోలిన్ ఇచ్చిన ఒళ్లు కెమెరాకి పనికిరాదు, అందులో చూడ్డానికి ఏమీ ఉండదు.

నోరు మూసిన ఒంటిలో ఒక్క మూలను మాట్లాడనిద్దాం అన్న ఆలోచనే కఫ్. నాకు తెలిసిన వైద్య చమత్కారాల్లో ఇంత చవకైనది, ఇంత తెలివైనది ఇంకొకటి లేదు. మత్తు ఎక్కాక, స్కోలిన్ ఎక్కించే ముందు, చీలమండ పైన బీపీ పట్టీ చుట్టి సిస్టోలిక్ బీపీ (పై అంకె) కంటే బాగా పైకి గాలి కొడతారు. రక్తం పాదంలోకి పోదు, రక్తంతో పాటు పోవాల్సిన స్కోలినూ పోదు. ఒళ్లంతా సడలినా ఆ ఒక్క పాదానికి మందు అందలేదు. మెదడులో మూర్ఛ లేస్తే అది నరాల మీదుగా దిగి ఆ పాదాన్నే ఊపుతుంది. సుల్తాను కోటలో అందరి నోళ్లూ కట్టేసి ఒక్క దూతని మాత్రం గోడ దూకనిచ్చినట్టు.

ఇందులో ఇంకో తెలివి ఉంది. కుడివైపు మాత్రమే కరెంటు ఇచ్చే పద్ధతిలో కఫ్ కుడి కాలికే కట్టాలి. కుడి మెదడు అజమాయిషీ ఎడమ కాలి మీద. కాబట్టి కుడి పాదం కొట్టుకుంటోందంటే, కుడివైపు పుట్టిన మూర్ఛ ఎడమ మెదడుకీ పాకిందన్నమాట. నిప్పు పక్కింటికి అంటుకుందని పక్కింటి పొగే చెబుతుంది. ఎడమ కాలికి కడితే ఆ ముక్క మనకు దక్కదు. పీజీలు ఎన్నిసార్లు తప్పు కాలికి కట్టారో, నేనూ ఎన్నిసార్లు కట్టానో లెక్కలేదు.

పాదం సాక్ష్యంలో నాకు నచ్చేది దాని సూటిదనం. చూడ్డానికి చదువు అక్కర్లేదు. ఆయమ్మ కూడా చెప్పగలదు, "ఇంకా కొట్టుకుంటోంది సార్" అని. కరెంటు పోయినా పాదం పనిచేస్తుంది. ఎలక్ట్రోడ్ ఊడే పని లేదు, కాగితం అయిపోయే పని లేదు. లోపాలూ ఉన్నాయి. గాలి కాస్త కారినా స్కోలిన్ పాదంలోకి జారి సాక్షి నోరు నొక్కేస్తుంది, మూర్ఛ రాలేదని మనం అనుకుంటాం. కాళ్లలో రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకి, రక్తం గడ్డకట్టినవాళ్లకి అంత బిగువు మంచిది కాదు. అన్నిటికంటే పెద్ద లోపం, పాదం ఆగిపోవడం అంటే పాదం ఆగిపోవడమే. పైన ఏం జరుగుతోందో దానికి తెలియదు.

రెండో ప్రతి పుట్టుక వేరు. ఈఈజీని కనిపెట్టిన హాన్స్ బెర్గర్ కూడా మానసిక వైద్యుడే. జర్మనీలో యేనా విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. కుర్రతనంలో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్నాడు. ఆరోజే, ఎక్కడో దూరాన ఉన్న అక్కకు తమ్ముడికి ఏదో అయిందన్న కీడు తోచి, తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించిందట. మనసు నుంచి మనసుకి ఏదో శక్తి పోతుందని ఆయన జీవితాంతం నమ్మడానికి అదే బీజం. ఆ శక్తి దొరకలేదు. 1924లో మనిషి తలమీంచి మెదడు విద్యుత్తు దొరికింది. అయిదేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకుని 1929లో అచ్చువేశాడు. తర్వాత తొమ్మిదేళ్లకు రోమ్‌లో ఈసీటీ. మెదడు కరెంటును చదివే విద్యా, మెదడుకి కరెంటు ఇచ్చే విద్యా రెండూ మానసిక వైద్యుల చేతుల్లోనే, పదిహేనేళ్లలోపే పుట్టినా, రెండూ ఒకే యంత్రంలో కాపురానికి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1980ల నుంచి వచ్చిన థైమట్రాన్, మెక్టా లాంటి అమెరికా యంత్రాల్లో కరెంటు ఇచ్చే పెట్టే ఈఈజీ కూడా రాసి ఇస్తుంది.

ఆ కాగితాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూద్దాం. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుందనుకుంటే, యాభై సెకన్ల మూర్ఛకు మీటరుంబావు కాగితం. పూలమ్మే ఆమె భాషలో దాదాపు మూడు మూరలు. నుదుటి మీద ఒక ఎలక్ట్రోడ్, చెవి వెనక ఎముక మీద ఒకటి, రెండు పక్కలా పెడితే రెండు గీతలు. కరెంటు పోతున్నంతసేపూ యంత్రం కళ్లు మూసుకుంటుంది. తర్వాత మొదలవుతుంది రాత. మొదట పొట్టిగా, దగ్గరదగ్గరగా, రంపపు పళ్లలా సన్నటి గీతలు. మూర్ఛ ఇంకా జనాన్ని పోగేసుకుంటున్న దశ ఇది. కొద్ది సెకన్లకే అవి నిక్కబొడుచుకుని ఒత్తుగా లేస్తాయి, కాగితం అంచులు దాటేస్తాయా అనిపిస్తుంది. ఒళ్లు బిగుసుకునే దశకి ఇది జత. ఆ తర్వాత అసలైన అందం. ముళ్ల గుత్తి ఒకటి, దాని వెనకే ఒక వెడల్పాటి అల. మళ్లీ ముళ్ల గుత్తి, మళ్లీ అల. సెకనుకు మూడు నాలుగు చొప్పున మొదలై, పోనుపోను అల వెడల్పు పెరుగుతుంది, ఊపు తగ్గుతుంది. ఇప్పుడు కాగితం మీంచి కళ్లెత్తి పాదాన్ని చూస్తే ప్రతి ముళ్ల గుత్తికీ పాదం ఒకసారి తన్నుకుంటోంది. రెండు ప్రతులూ అక్షరం పొల్లుపోకుండా కలిసే పుటలు ఇవే.

ఆ తర్వాత విడిపోతాయి. పాదం అలిసి ఆగుతుంది, కాగితం ఇంకొన్ని సెకన్లు నడుస్తుంది. మామూలుగా ఈఈజీ అంకె కాలి అంకె కంటే పెద్దదే. ఎందుకంటే మెదడు పైపొరలో మూర్ఛ సన్నగిల్లుతూ ఉన్నా, పాదాన్ని ఊపేంత బలం దానికి ఉండదు. చివరికి ఉన్నట్టుండి గీత చదునైపోతుంది. మంచి మూర్ఛలో ఆ ఆగడం కత్తితో కోసినట్టు ఉంటుంది. నాసిరకం మూర్ఛలో గీత చదును కాదు, నీలుగుతూ గొణుగుతూ ఎప్పుడో ఆగుతుంది. అప్పుడు ఇద్దరు డాక్టర్లు ఒకే కాగితానికి రెండు అంకెలు చెబుతారు.

ఈ ప్రతిలో ప్రక్షిప్తాలు కూడా ఎక్కువ. ఒక ఆసుపత్రిలో నేను కొత్తగా చేరిన రోజుల్లో, గీత చదునయ్యాక కూడా దాని మీద సన్నటి ముళ్లు వరసగా, ఒకే ఎడంతో లేస్తూ కనబడ్డాయి. మూర్ఛ ఇంకా ఆగలేదనుకుని లెక్కపెడుతూ పోయాను. డెబ్బై, ఎనభై, తొంభై. మత్తు డాక్టరమ్మ మూర్ఛను ఆపే మిడజోలం సిరంజి చేతిలోకి తీసుకుంది. పాతకాలపు సిస్టర్ ఒకావిడ నా పక్కకొచ్చి, "సార్, మానిటర్ వినండి," అంది. విన్నాను. పల్స్ ఆక్సీమీటర్ 'టింగ్' అన్నప్పుడల్లా కాగితం మీద ఒక ముల్లు. "మీరు గుండె లెక్కపెడుతున్నారు," అంది నవ్వకుండా. నిజమే. మెదడు ఎప్పుడో ఊరుకుంది. ఆ నిశ్శబ్దంలో గుండె కరెంటు వచ్చి కాగితం మీద సంతకం పెడుతోంది. ఆరోజు నుంచి చదును గీత మీద ముళ్లు కనబడితే ముందు చెవులు పెట్టి వింటాను.

గుండె ఒక్కటే కాదు. నుదుటి కండరం కదిలినా, అంబూ బ్యాగ్ పట్టుకున్నవాళ్ల చెయ్యి తీగకు తగిలినా, నుదుటి మీద తలనూనె తుడవకుండా ఎలక్ట్రోడ్ అంటించినా గీతలో కొత్త పద్యాలు పుడతాయి. పాదం ఇలా అబద్ధమాడదు. తనకు తెలిసింది తక్కువ, తెలిసినంతవరకు నిజమే చెబుతుంది. కాగితానికి తెలిసింది ఎక్కువ, అందులో కల్పనలూ ఎక్కువే.

ఇప్పుడు అసలు పోలికకు వద్దాం. ఈ రెండు ప్రతుల మీద ఇన్నాళ్లూ జరిగిన తగువు అంతా సెకన్ల గురించి. 1982లో ఫింక్, జాన్సన్ అనే పరిశోధకులు ఈ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. కాలు పదిహేను ఇరవై సెకన్లు కొట్టుకుంటే చాలు, ఈఈజీ పాతిక దాటితే చాలు అన్న కొలతలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. నా చదువంతా ఆ పాతిక చుట్టూనే తిరిగింది. ఇరవై నాలుగు వస్తే మొహాలు వేలాడేవి, ఇరవై ఆరు వస్తే టీ తాగడానికి పోయేవాళ్లం.

1993లో న్యూయార్క్‌లో హెరాల్డ్ శాకైమ్ బృందం ఆ పాతికని పడగొట్టింది. కుంగుబాటు ఉన్న 96 మందిని నాలుగు గుంపులు చేశారు. కుడివైపు మాత్రమే కరెంటు ఇచ్చేవాళ్లు రెండు గుంపులు, రెండు వైపులా ఇచ్చేవాళ్లు రెండు. ప్రతి జతలో ఒక గుంపుకి మూర్ఛ పుట్టడానికి కావలసినంత మాత్రమే, ఇంకో గుంపుకి దానికి రెండున్నర రెట్లు. అందరికీ మూర్ఛలు వచ్చాయి, సెకన్ల లెక్కకి తగినంత పొడుగ్గానే వచ్చాయి. గుణం మాత్రం ఒకేలా లేదు. కుడివైపు తక్కువ కరెంటు ఇచ్చినవాళ్లలో 17 శాతం మందికే తగ్గింది, కుడివైపు ఎక్కువ ఇచ్చినవాళ్లలో 43 శాతం. రెండు వైపులా ఇచ్చినవాళ్లలో తక్కువైతే 65, ఎక్కువైతే 63.

ఒట్టోసన్ చెప్పింది దీంతో తప్పు కాలేదు. మూర్ఛ లేకుండా గుణం లేదు. అయితే మూర్ఛ ఉన్నంత మాత్రాన గుణం ఉంటుందని కాదు. పొడుగు కొలిచినంత మాత్రాన పద్యం మంచిది కాదు. గణాలు కుదిరినవన్నీ కవిత్వమైతే మన శతకాలన్నీ ఈపాటికి పూజలందుకునేవి. సెకన్ల దగ్గర ఆగిపోయినంతకాలం పాదమే చాలు, కాగితం ఒక ఖరీదైన స్టాప్‌వాచ్. నా ఫిర్యాదల్లా ఇదే. లక్షలు పోసి కొన్న యంత్రాన్ని చాలాచోట్ల మనం స్టాప్‌వాచ్‌గానే వాడుతున్నాం.

కాగితంలో చదవాల్సింది ఎంతసేపు అన్నది ఒక్కటే కాదు, ఎలా అన్నది కూడా. ముళ్లు ఎంత ఎత్తు లేచాయి, రెండు వైపులా గీతలు జంటగా నడిచాయా, అన్నిటికంటే ముఖ్యంగా, ఆగాక వచ్చిన నిశ్శబ్దం ఎంత గాఢంగా ఉంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ వైనర్, ఆండ్రూ క్రిస్టల్, కొలంబియా విశ్వవిద్యాలయంలో శాకైమ్ సహచరులు 1990ల్లో దీని వెనకే పడ్డారు. మూర్ఛ తర్వాత గీత ఎంతగా చదునైతే ఆ మూర్ఛ అంత పనిచేసే రకమని వాళ్ల పరిశోధనలు సూచించాయి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో బి.ఎన్. గంగాధర్, ఎన్. జానకిరామయ్య వంటివాళ్లు ఇంకో దారి పట్టారు. గీత ఎంత గరుకుగా, ఎంత వంకరటింకరగా ఉందో ఒక్క అంకెలో చెప్పే ఫ్రాక్టల్ లెక్కను ఈసీటీ కాగితానికి పట్టించి, మూర్ఛ ముగిశాక ఉండే గీతకూ పేషెంటు కోలుకోవడానికీ ఉన్న సంబంధాన్ని వెతికారు. పాదం ఎంత నిజాయితీపరుడైనా ఈ పుటలో ఒక్క అక్షరం కూడా చదివి చెప్పలేదు. ఆగిపోయిన పాదం, ఆగిపోయిన పాదమే. అందులో గాఢమైన ఆగడం, పైపైన ఆగడం అని రెండు రకాలు లేవు.

కొన్ని యంత్రాలు ఈ చదువు కూడా తామే చేసి, చివర్న ఒక టీక అచ్చువేసి ఇస్తాయి. నిశ్శబ్దం ఇంత శాతం, బలం ఇంత, రెండు వైపుల పొందిక ఇంత. టీకలు చదివి మూలం వదిలేసే అలవాటు మనకు పాతదే. గుండె ముళ్లను మూర్ఛగా లెక్కపెట్టిన నాలాంటి పొరపాటు యంత్రమూ చేస్తుంది, కాకపోతే దాని చెవి దగ్గర ఏ సిస్టరూ ఉండదు. ఒక్క కాగితం చూసి ఈమెకు తగ్గుతుంది, ఆయనకు తగ్గదు అని తేల్చే ధైర్యం ఆ అంకెలకు ఇంకా రాలేదు. వయసు పైబడినవాళ్లలో గీత ఎలాగూ పొట్టిగా లేస్తుంది, మత్తు ఎక్కువైతే ఇంకా అణిగిపోతుంది, మత్తుకు ప్రోపోఫోల్ ఇస్తే పొడుగే తగ్గుతుంది. కాటటోనియాతో పదిరోజులుగా గుటక మింగని అమ్మాయి రెండో సిట్టింగ్ మర్నాడు పొద్దున్న "అమ్మా, ఇడ్లీ ఉందా" అని అడిగితే, నేను కాగితం నిశ్శబ్దం ఎంత శాతమో చూసుకోను. ఇడ్లీ మాట రాని మూడో సిట్టింగ్ తర్వాత మాత్రం కాగితాలన్నీ తీసి పక్కపక్కన పరుస్తాను. కరెంటు పెంచాలా, మత్తు తగ్గించాలా, ఎలక్ట్రోడ్ చోటు మార్చాలా అని అప్పుడు అడగాల్సింది వాటినే.

కాగితం లేకుండా కుదరని చోటు ఇంకొకటి ఉంది. దాని గురించి మాట్లాడేటప్పుడు నాకు హాస్యం రాదు. మూర్ఛ తనంతట తాను ఆగకపోతే? మూడు నిమిషాలు దాటితే చాలా మార్గదర్శకాలు దాన్ని దీర్ఘ మూర్ఛ అంటాయి. మిడజోలమో, మరికాస్త మత్తో ఇచ్చి ఆపాలి. ఉబ్బసానికి థియోఫిల్లిన్ మాత్రలు వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇలాంటి మూర్ఛలో పాదం నలభై సెకన్లకే ఆగిపోయి ఉండొచ్చు. గదిలో అందరూ అయిపోయిందనుకుని ఆక్సిజన్ పెట్టి, పేషెంటు లేవడం కోసం చూస్తుంటారు. లోపల ఇంకా జరుగుతూనే ఉంటుంది. మాటా కదలికా లేని ఆ మూర్ఛని చెప్పేది కాగితం ఒక్కటే. నిమ్‌హాన్స్ వైద్యులే 1999లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఈ పోలిక చేశారు. మూర్ఛ వచ్చిందా లేదా తెలుసుకోవడానికి కఫ్ పనికొస్తుంది గానీ, పొడుగు మూర్ఛలు దాని కన్నుగప్పి జారిపోవచ్చని హెచ్చరించారు.

దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. ఎలక్ట్రోడ్ ఊడి కాగితం అంతా చెత్త గీతలు, పాదం మాత్రం చక్కగా కొట్టుకుంటోంది. కాగితాన్నే నమ్మిన కుర్ర డాక్టరు 'మూర్ఛ రాలేదు' అని కరెంటు పెంచి మళ్లీ మీట నొక్కబోతాడు. పాదం వైపు చూసిన సిస్టర్ ఒక్క మాటతో ఆపుతుంది. కఫ్ తీసి పారెయ్యండి, ఈఈజీ ఉందిగా అనేవాళ్లతో నేను ఒప్పుకోకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

మన చట్టం సంగతి చూడండి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్‌లో మత్తూ కండరాలు సడలించే మందూ లేకుండా ఈసీటీ చెయ్యడాన్ని నిషేధించింది. పిల్లలకు చెయ్యాలంటే సంరక్షకుల సమ్మతీ, బోర్డు ముందస్తు అనుమతీ ఉండాలంది. రెండూ రావాల్సిన నిబంధనలే, ఆలస్యంగా వచ్చాయి. ఒంటి నోరు మూయించమని శాసించిన ఆ సెక్షన్‌లో, నోరు మూశాక లోపలి సంగతి ఎవరు చెప్పాలన్న దాని మీద ఒక్క మాట లేదు. ఈఈజీ ఊసు లేదు, కఫ్ ఊసు లేదు. మత్తు లేని రోజుల్లో ఈ మౌనం చెల్లేది. మత్తు తప్పనిసరి చేసిన చట్టంలో ఇది ఖాళీ.

డబ్బు సాకు కొంతవరకే నిలుస్తుంది. ఈఈజీ రాసే ఈసీటీ యంత్రాలు ఇప్పుడు బెంగళూరులోనే తయారవుతున్నాయి, అమెరికా నుంచి తెప్పించుకోవాల్సిన పని లేదు. యంత్రం కొనలేని జిల్లా ఆసుపత్రిలో కూడా రెండో బీపీ పట్టీ ఉంటుంది.

ఇద్దరిలో ఒక్కరినే ఎంచుకోమంటే? మూర్ఛ వచ్చిందా అన్న ప్రశ్నకి పాదం, పోయిందా అన్న ప్రశ్నకి కాగితం, పనిచేసేలా వచ్చిందా అన్న ప్రశ్నకి కాగితమే, అదీ చదవడం వచ్చినవాళ్లు చదివితే. రెండూ పోయిన రోజున గుండె వేగం ఉంది. మూర్ఛ లేవగానే ఎగిరి, ఆగాక దిగుతుంది. అది మూడో ప్రతి, శిథిలప్రతి. దాని మీదే ఆధారపడి పరిష్కరణకి దిగొద్దు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈసీటీ రాస్తే, సంతకం పెట్టే ముందు డాక్టరుగారిని రెండు ప్రశ్నలు అడగండి. "కాలికి పట్టీ కడతారా సార్? ఈఈజీ కాగితం తీస్తారా?" అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే అనుకోనివ్వండి. ఇంకో మాట. ఆ కాగితం చాలా యంత్రాల్లో థర్మల్ కాగితం, బస్సు టికెట్టులాంటిది. కేస్ షీట్‌లో పిన్ను కొట్టి ఉంచితే కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి. డిశ్చార్జి రోజున ఒక జిరాక్స్ అడిగి తీసుకోండి.